కాలిపోయిందా, కాల్చారా?

చెరకు లారీ మా బడి గోడ పక్క మలుపులో హారన్ కొడితే ఇప్పటికీ నేను చెబుతున్న పాఠం ఆగిపోతుంది. మా సువార్తమ్మ టీచరూ ఇలాగే ఆగేవారు. సుద్దముక్క పట్టుకుని విసుగ్గా నిలబడి, లారీ వెళ్లాక వదిలిన మాట దగ్గరే అందుకునేవారు. చోడవరంలో నాకు తొమ్మిదో తరగతిలో సాంఘికం చెప్పిన ఆవిడ విసిగించినంతగా నన్నెవరూ విసిగించలేదు.

నాజీలు ఐరోపా దేశాలను ఆక్రమించి యూదులను వేటాడిన సంగతికి పుస్తకంలో రెండు వాక్యాలే ఉండేవి. ఆవిడ రెండు రోజులు చెప్పారు. ఒక పల్లెలో ఒక రైతు యూదు కుటుంబాన్ని అటకమీద దాచాడు. సైనికులకు తెలిసిపోయింది. దాక్కున్నవాళ్లనీ, రైతునీ, అతని భార్యాపిల్లల్నీ కాల్చి చంపారు. ఇంకెవరూ అలాంటి సాహసం చేయకూడదని ఊరంతా తగలబెట్టారు.

నేను నోట్సులో "చాలామంది చనిపోయారు, ఊరు కాలిపోయింది" అని రాశాను.

"ఏటే ఇది? ఊరు దానంతటదే కాలిపోనాదా? ఎవరు కాల్చేరో రాయి," అని పుస్తకం వెనక్కిచ్చారు.

"ఊరు తగలబెట్టబడింది" అని రాశాను. మళ్లీ వెనక్కి. నాకు ఒళ్లు మండింది. అందరిముందూ అనేశాను: "ఆ రైతు దాచకపోతే ఊరు బతికేది కదా టీచర్! తప్పు ఆయనదే."

కేకలేస్తారనుకున్నాను. ఆవిడ కుర్చీలో కూలబడిపోయారు.

"తుపాకీ ఎవరి చేతిలో ఉందే?"

"సైనికుల చేతిలో."

"మరి తప్పు రైతు మీద వేస్తన్నావేటి? ఆళ్లకి కావలసిందీ అదే. చంపినోణ్ణి వదిలేసి, సాయం చేసినోణ్ణి మనం తిట్టుకోవాల."

"సైనికులు ఊరు తగలబెట్టారు" అని రాసి చూపించాను. మెచ్చుకోలేదు, టిక్కు పెట్టారంతే.

ఇప్పుడు నేనూ టీచర్నే. కిందటేడు ఏడో తరగతి అమ్మాయి చేయి వాచి వచ్చింది. తండ్రి కర్రతో కొట్టాడు. "పడిపోయి దెబ్బ తగిలిందని రిజిస్టరులో రాసెయ్యండి మేడమ్," అన్నారు హెడ్మాస్టరు.

"తగల్లేదు సార్, కొట్టేడు."

"ఆ గుంట ఎదురు మాటాడకపోతే కొట్టేవోడా?"

నాజీల ఘోరంతో దీన్ని పోల్చను. కానీ ఆ మాట తొమ్మిదో తరగతిలో నేనన్నదే. తండ్రి కొట్టాడనే రిజిస్టరులో రాశాను. అతను బడికొచ్చి అరిచాడు. హెడ్మాస్టరు నెల్లాళ్లు నాతో మాట్లాడలేదు. ఆ రాత చూసి పిల్లల సంరక్షణ అధికారులు వచ్చి విచారించాక ఆ అమ్మాయి మాడుగులలో మేనత్త ఇంటికి మారి, అక్కడ చదువుకుంటోంది.

కొట్టినవాడు కొట్టాడని రాయడానికి ఇంత గొడవ పడాలా అని నాకు ఇప్పటికీ చిరాకే. అది సువార్తమ్మ టీచర్ చిరాకు. తగ్గిపోకుండా చూసుకుంటున్నాను.