నా ఊపిరి నాకు తిరిగిచ్చిన పక్కింటి అల్లుడు

పోయిన నెల రెండో మంగళవారం పొద్దున మా పక్కింటి అల్లుడు పోయాడు. బెంగళూరు రైలుకు బయలుదేరబోతూ, బూట్ల లేసు కట్టుకుంటూ కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఒరిగిపోయాడు. గుండె అన్నారు. యాభై రెండేళ్లు. నాకు ఏడుపు వచ్చింది, దాని వెనకే కోపమూ వచ్చింది. ఐదేళ్లుగా ఆయన మీద నేను పెట్టుకున్న పంచాయితీ ఒకటి తేలకుండానే పోయాడు. టీ అంగడి ముందు, నలుగురు వింటూ ఉండగా, నా ఊపిరితిత్తులు నావి కావని, అవి ఒక ఆడపిల్లవి అని చెప్పిన మనిషి ఆయన.

చదివేవాళ్లకు ముందే చెబుతున్నాను, నా చదువు మూడో తరగతి. కేజీఎఫ్ బంగారు గనిలో ముప్పై ఏళ్లు తాళ్ల పని చేశాను. తాళ్లంటే బావి చేదతాళ్లు కాదు. మనుషుల్ని షాఫ్టులోకి, అంటే గని బావిలోకి, దించే ఇనుప బోనుకు కట్టే ఇనుప తాళ్లు. ఆ బోనును మేము కేజి అంటాం. ఆ తాడు బాగున్నంతకాలం మమ్మల్ని ఎవరూ తలచుకోరు. మా అల్లుడి పనీ అలాంటిదే అని నాకు తర్వాత తెలిసింది.

అల్లుడంటే నా కూతురి మొగుడు కాదు. నంగలి నుంచి వచ్చి మా పక్కిల్లు కొనుక్కున్నాడు. వచ్చిన మొదటి రోజే పిట్టగోడ మీదుగా "మామా, నీళ్లు ఎన్ని గంటలకు వస్తాయి?" అన్నాడు. "ఏ వరసలో మామనప్పా నీకు?" అన్నాను. "మీసాల వరసలో" అన్నాడు. ఇంక నేనేం చేసేది? అల్లుడా అని పిలవక తప్పలేదు.

పొద్దున రైలుకు బెంగళూరు పోవడం, రాత్రి రైలుకు రావడం. ఆయన కంపెనీ ఆస్పత్రులకు కంప్యూటర్ ప్రోగ్రాములు చేస్తుంది. మేము పోయే ఆస్పత్రిలో ఉన్నదీ వాళ్లదే. ఆదివారం మాత్రం గళ్ల లుంగీ కట్టి, కంప్యూటరు పిట్టగోడ మీద పెట్టుకొని, నిలబడే పని చేసేవాడు. సంగటి తినేటప్పుడు మాత్రం కంప్యూటరు మూసేసేవాడు. "ముద్ద మింగేటప్పుడు ఇంకో ఆలోచన ఉండకూడదు మామా" అనేవాడు. కొత్త చెప్పులు కొంటే నాలుగు రోజులు ఇంట్లోనే తొడుక్కొని తిరిగేవాడు. ఆయన భార్య నాకు చాడీ చెప్పేది: "చూడండి నాయనా, ఉప్పు ప్యాకెట్టు మార్చినా ముందు గిన్నెలో రవ్వంత చారు చేసి చూపించమంటాడు." ఆయన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకొని నవ్వేవాడు.

ఇంక పంచాయితీ సంగతి.

గనిలో పని చేసిన మాబోటివాళ్లకు ఊపిరితిత్తుల్లో రాతి దుమ్ము ఉంటుంది. మూడు నెలలకోసారి ఆస్పత్రికి పోయి గొట్టంలో ఊదాలి. ఊపిరి ఎంత ఉందో మిషను లెక్క చెబుతుంది, అది డాక్టరు కంప్యూటరుకు పోతుంది, ఆయన మందు రాస్తాడు. ఆస్పత్రి చీటీ మీద మేము పాత గని నంబరే రాయిస్తాం. మా లైన్లలో, అంటే గనివాళ్ల ఇళ్ల వరసల్లో, ఒకే పేరువాళ్లు పదిమంది ఉంటారు, నంబరు మాత్రం ఒక్కడికే. నాది సున్నా నాలుగు ఒకటి ఏడు.

ఐదేళ్ల కిందట ఒకసారి ఊదితే డాక్టరు కంప్యూటరు చూసి కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "తాతా, నీ ఊపిరితిత్తులు ఇరవై ఏళ్లవాళ్ల మాదిరి ఉండాయే! ఇంగ ఈ పీల్చే మందు ఎందుకు?" అన్నాడు. మందు ఆపేశాడు. నేను ఊరంతా చెప్పుకున్నాను. టీ అంగడిలో అందరికీ బన్ను తినిపించాను. గని మట్టి పోసిన సైనైడు దిబ్బ ఎక్కి చూపిస్తానని ఎక్కాను కూడా. సగంలో కూర్చుండిపోయాను, అది ఎవరికీ చెప్పలేదు.

పదో రోజు పొద్దున ఏడింటికి, నేనూ, నాతో గనిలో పని చేసిన ముగ్గురూ టీ తాగుతున్నాం. అల్లుడు రైలుకు పోకుండా నేరుగా మా దగ్గరికి వచ్చాడు.

"మామా, ఆ రిపోర్టు మీది కాదు."

"నాది కాకపోతే నీదా?"

"రాయల్పాడులో ఒక ఆడపిల్లది. పోలీసు ఉద్యోగానికని టెస్టు చేయించుకొనింది. మీది ఆ పాపకు పోయింది, ఆ పాపది మీకు వచ్చింది. డాక్టరు ఆ పాపను అడిగినాడంట, ఏమ్మా, గనిలో ఏమన్నా పని చేసినావా అని."

నా పక్కనున్నవాడు టీ ఉమ్మేశాడు. రెండోవాడు "అందుకేనా రా, ఈ మధ్య నీ నడక మారింది" అన్నాడు. మూడోవాడు నవ్వలేక దగ్గాడు. అల్లుడు ఒక్కడే నవ్వలేదు.

"తప్పు నాది" అన్నాడు. "మార్చింది నేను. మామూలు చిన్న మార్పే కదా అని ఏమీ చూడకుండా మార్చినాను. అందరూ ఈ పొద్దే మళ్లీ ఊదల్ల. ఆటో పిలిచినాను, లేయండి."

ఆటోలో నేను ఆయనతో మాట్లాడలేదు. వారం మాట్లాడలేదు. ఇంటికి వచ్చి చెవిలో చెప్పి ఉండొచ్చు కదా? ఆడపిల్లది అని చెప్పకపోతే ఏం పోయింది? ఇదీ నా పంచాయితీ.

ఆ పాప రిపోర్టు మాత్రం అల్లుడు తానే స్వయంగా తీసుకొని రాయల్పాడు పోయాడు. ఆమెకు ఉద్యోగం వచ్చింది. ఆయన తిరిగి వచ్చే దారిలో మామిడికాయలు తెచ్చి మా పిట్టగోడ మీద పెట్టాడు. నేను తీసుకోలేదు. మా ముసలామె తీసుకుంది.

వారం తర్వాత నేనే ఉండబట్టలేక అడిగాను. "ఏందప్పా నువ్వు మార్చింది?"

"మిషను మాట్లాడేది ఒక భాష మామా. డాక్టరు కంప్యూటరుకు తెలిసేది ఇంకో భాష. మధ్యలో మా ప్రోగ్రాము నిలబడి ఈడ తీసుకొని ఆడ ఇస్తుంది."

"మా షాఫ్టు కాడ గంట కొట్టి కిందోళ్ల మాట పైకి చెప్పేవాని మాదిరి."

"ఆ, అదే."

"ఆ దినం తాగి వచ్చినాడా వాడు?"

"వాడు బాగానే ఉండాడు మామా. వాడు నిలబడిన పలక మార్చినాము." అప్పుడు వివరంగా చెప్పాడు. ఆ ప్రోగ్రాము ఒక పెట్టెలో ఉంటుందట, కంటైనర్ అంటారు. పెట్టెకు అడుగున ఒక పలక, దాని పేరు బేస్ ఇమేజ్. పలక పాతబడితే బెజ్జాలు పడతాయి, దొంగలు దూరతారు. ఎక్కడో ఎవరో కొత్త పలక చేసి పంపుతారు. వేసుకోక తప్పదు. "మా ప్రోగ్రాములో ఒక్క అక్షరం కూడా ముట్టలేదు. కొత్త పలకలో అంకెలు చదివే ముక్క ఒకటి మారి ఉండాది. ముందుండే సున్నాకు విలువ లేదని తీసి పారేసింది. మీరు నాలుగు వందల పదిహేడు అయిపోయినారు. అది ఆ పాప నంబరు. ఇద్దరివీ ఒకే నంబరు కింద పడి, మీది ఆడికి, ఆ పాపది ఈడికి పోయినాయి."

"నా సున్నా పారేసేదానికి అదెవురు?" అన్నాను. నాకు నిజంగానే రోషం వచ్చింది. ఆ సున్నాతో ముప్పై ఏళ్లు గనిలోకి దిగాను.

అప్పుడు నేను చెప్పిందే ఆయన చివరిదాకా పట్టుకున్నాడు. మేము తాడు మార్చినప్పుడు కేజికి ఏమీ చేయం, గంటకు ఏమీ చేయం. తాడు ఒక్కటే మారుస్తాం. అయినా ఆ రోజు మనుషుల్ని ఎక్కించం. ముందు కూర్చొని, ఆ తాడును నమ్ముకొని ఏమేమి వేలాడుతున్నాయో ఒక్కొక్కటీ నోటితో చెప్పుకుంటాం. తర్వాత రాళ్లు నింపి దించుతాం, ఎత్తుతాం. తాడు బిగించినవాళ్లమే మొదట ఎక్కి దిగుతాం. ఆ తర్వాతే షిఫ్టు. తాడు బిగించి ఇంటికి పోయినవాణ్ణి మా దాంట్లో ఎవడూ పనివాడు అనడు.

ఆయన పెన్సిలు తీసి రాసుకున్నాడు. నా మాట ఒకడు రాసుకోవడం నా బతుకులో అదే మొదటిసారి.

ఆ తర్వాత మూడు నాలుగు నెలలకోసారి కొత్త పలక వచ్చేది. వచ్చినప్పుడల్లా ఆదివారం పిట్టగోడ దగ్గర మా మీటింగు. దాని మీద ఏమేమి ఆధారపడ్డాయో ఆయన చదివేవాడు: ఊదే మిషను, ఎక్స్‌రే, రక్తం మిషను, డాక్టరు కంప్యూటరు, ఫోనుకు పోయే మెసేజి. ఎవరి చీటీలు వింతగా ఉంటాయో కూడా రాసేవాడు: ఇంటిపేరు లేనివాళ్లు, ఒకే రోజు రెండుసార్లు ఊదినవాళ్లు, సున్నావాళ్లు. ఆస్పత్రిలో నడిచే అసలు ప్రోగ్రామును ముట్టకుండా పక్కన ఇంకొకటి అలాంటిదే పెట్టి, అందులో పలక మార్చి, పాత రిపోర్టూ కొత్త రిపోర్టూ పక్కపక్కన పెట్టి చూసేవాడు. అన్నీ సరిపోయాక ఆస్పత్రిలో మార్చి, మొదట తానే పోయి గొట్టంలో ఊదేవాడు. బుగ్గలు బూరెల్లాగా పొంగేవి. ల్యాబు సిస్టరు "సార్, మీ ఊపిరికి ఏం తెగులు లేదు, ఎన్నిసార్లు చూపిస్తారు?" అనేది. "నాకు లేదు సిస్టర్, నేను మార్చినదానికి ఉందేమో చూస్తున్నా" అనేవాడు.

ఒకసారి ఆయన లిస్టు చదవడం అయిపోయాక అడిగాను: "మొగుని నంబరు రాయించే ఆడోళ్లను ఏసుకున్నావా?"

"వాళ్లెవరు మామా?"

"మా లైన్లలో మొగుడు పోయినా నంబరు పోదప్పా. పెండ్లాం దాన్నే చెప్తాది. ఆస్పత్రిలోనూ అదే."

వెంటనే కంప్యూటరు తెరిచాడు. అలాంటివాళ్లు చాలామంది ఉన్నారు. పాత పలక మీద ఎట్లాగో నడిచిపోతున్నది, పక్కన పెట్టి చూస్తే కొత్త పలక మీద వాళ్ల చీటీలన్నీ ఆగిపోయాయి. ఆ వారం మార్పు ఆపేసి సరిచేశాడు. బెంగళూరులో ఆయన పైవాళ్లు ఎవరు కనిపెట్టారని అడిగితే "మా మామ" అని చెప్పాడట. ఇది నేను గొప్పకు చెబుతున్నాను. గొప్పే.

పదకొండో రోజు కార్యం అయ్యాక ఆయన భార్య పిట్టగోడ దగ్గరికి వచ్చి లిస్టుల పుస్తకం నా చేతిలో పెట్టింది. "ఇది మీ ఇద్దరిదీ నాయనా" అంది. నాకు గబగబా చదవడం రాదు. కూడబలుక్కొని మొదటి పేజీ చదివాను. ఐదేళ్ల కిందటిది. సున్నాతో మొదలయ్యే నంబర్లు నాలుగు. ఒకటి నాది. తక్కిన మూడూ ఆ రోజు నా పక్కన కూర్చొని నవ్వినవాళ్లవి. ముగ్గురి రిపోర్టులూ తారుమారయ్యాయి. నా రోషంలో పడి వాళ్ల సంగతి నేను అడగనే లేదు. ఒకడు నాలాగే మందు మానేసి మూడు రోజులైంది. కింద రాసుకున్నాడు: "నలుగురూ ఏడు గంటలకు టీ అంగడిలో ఒకేచోట దొరుకుతారు. ఒక్కొక్కరి ఇంటికి పోతే సాయంత్రం అవుతుంది. అంతసేపు ఆగకూడదు. మామకు కోపం వస్తుంది. రానీ."

చదివి చాలాసేపు నవ్వాను. ఆరోజు టీ ఉమ్మినవాడికి కూడా చదివి వినిపించాను. వాడికి నవ్వు రాలేదు, మూడు రోజులు మందు మానింది వాడే. సరే, నలుగురిలో చెప్పినదానికి జవాబు వచ్చింది. ఆడపిల్లది అని చెప్పినదానికి రాలేదు. అది ఆయన సరదాకే చెప్పాడని నా నమ్మకం. క్షమించాను.

ఇప్పుడు ఆస్పత్రి మేనేజరుగారికి ఒక మాట. వచ్చే శనివారం మళ్లీ పలక మారుస్తున్నారని సిస్టరు చెప్పింది. పుస్తకం పట్టుకొని మీ దగ్గరికి వచ్చాను. "చిన్న మార్పే తాతా, కంపెనీవాళ్లు బెంగళూరులో కూర్చొనే చేసేస్తారు, సుమ్మనే భయపడొద్దు" అన్నారు. చిన్న మార్పు అన్న మాట నేను ఒకసారి విన్నాను. ఆ మాట అన్నవాడు మళ్లీ ఎప్పుడూ అనలేదు. మా నలుగురి మందూ, మొగుని నంబరు రాయించే ఆడవాళ్ల చీటీలూ ఆ పలక మీదే ఉన్నాయి. లిస్టు ఎవరు చదివారు? పక్కన పెట్టి ఎవరు చూశారు? శనివారం మార్చాక గొట్టంలో మొదట ఊదేది ఎవరు? పేరు చెప్పండి. ఎవరూ లేకపోతే నా పేరు రాసుకోండి, నాకు ఉన్నకాడికి ఊదుతాను.

గురువారం మధ్యాహ్నం పన్నెండు లోపల నాకు జవాబు కావాలి. ఆ రోజు పొద్దుటి నుంచి మీ గేటు లోపల వేపచెట్టు నీడలో ఉన్న సిమెంటు బల్ల మీద ఒక చివర కూర్చొని ఉంటాను. ఇంకో చివర మీకోసం ఖాళీగానే ఉంచుతాను, వేరే ఎవరు వచ్చి కూర్చోబోయినా లేపుతాను. అక్కడ కూర్చొని చెప్పండి.