రెండో రెక్కకూ బొట్టు

మా ఎదురింటి టీచరమ్మ పోయిన నెల ఒక మంగళవారం కన్నుమూశారు. నేను ఆఫీసు మేడ మీద కొత్త డ్రోన్‌ను పరీక్షిస్తుండగా అమ్మ ఫోన్ చేసింది. "టీచరమ్మ లేదు బిడ్డా. పొద్దుగాల చాయ్ తీస్కొని పోయిన. కుర్చీల కూసున్నది కూసున్నట్టే ఉన్నది" అంది. గాలిలో ఉన్నదాన్ని మెల్లగా కిందికి దించాను. అది నేలను తాకాకే ఏడ్చాను. ఆ వరస నాకు నేర్పింది కూడా ఆమే. "ముందు ఎగిరేదాన్ని దించు. నీ గోల తరవాత" అనేవారు.

మౌలాలిలో మాది రెండు గదుల పోర్షన్. ఎదురు పోర్షన్ ఆమెది. విజయనగరం వైపు నుంచి ఉద్యోగానికి వచ్చి, బడిలో ఫిజిక్స్ చెప్పి, రిటైరై ఇక్కడే ఉండిపోయారు. పెళ్లెందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే, "నువ్వు చేసుకున్నావు కదా, ఎలాగుందేటి?" అని తిరిగి అడిగేవారు. చీర కొంగున ఎప్పుడూ ఒక సుద్దముక్క ముడివేసి ఉండేది. గచ్చు, ప్రహరీ గోడ, నీళ్ల డ్రమ్ము, ఏది దగ్గరుంటే అదే ఆమెకు నల్లబల్ల.

మా ఇంట్లో బడి గడప తొక్కిన మొదటిదాన్ని నేనే. లెక్క తెలియకపోతే ఇంట్లో అడగడానికి ఎవరూ లేరు. వాకిలి దాటితే ఆమె ఉండేవారు. జవాబు మాత్రం చెప్పేవారు కాదు. కుక్కర్ కూత వేయకపోయినా, ఫ్యాను తిరగకపోయినా, నా లెక్క తప్పినా ఆమెది ఒకటే ప్రశ్న: "నిన్నకీ ఇవాళకీ మారిందేటి?"

అవి ఊరంతా సాఫ్ట్‌వేర్ వైపు పరుగెత్తుతున్న రోజులు. నాన్న ఒక కంపెనీకి క్యాబ్ నడిపేవాడు. వెనక సీట్లో వాళ్ల మాటలు వినీ వినీ ఆయన లోకం తెలుసుకున్నాడు. నేను ఇంటర్ రెండో ఏడాదిలో ఉండగా, ఆయన బండెక్కే ఒక సారు నాకు డేటా ఎంట్రీ ఉద్యోగం ఇప్పిస్తానన్నాడు. దసరా కాగానే చేరాలి. "ఏసీల కూసొని టైపు కొట్టుడే బిడ్డా. ఇంక ఇంటర్ ఎందుకు?" అన్నాడు నాన్న. ఆయనది చెడ్డ ఆలోచన కాదు. ఎండలో స్టీరింగ్ పట్టుకున్న మనిషికి ఏసీ గదిని మించిన చదువు ఏముంటుంది? నాకేమో ఇంజినీరింగ్ చదవాలని ఉండేది. ఆ మాట నాన్నతో అనలేక టీచరమ్మతో అన్నాను.

ఆ వారమే నాన్న చక్రం విరిగిన ఒక రిమోట్ కారు తెచ్చాడు. ఎవరో సారు కొడుకు విరగ్గొట్టి, వద్దని బండిలోనే వదిలేశాడట. టీచరమ్మ దాన్ని బోర్లా తిప్పి చూశారు.

"చక్రం లేనిది నడవలేదు. ఎగరడానికి చక్రాలెందుకు?" అని నాన్న వైపు తిరిగారు. "తమ్ముడూ, నీ కూతురు దీన్ని ఎగరేస్తుంది. ఎగిరితే చదివించు."

"ఎగరకుంటె?"

"నీ ఏసీ ఉద్యోగానికి నేనే తీసుకెళ్లి దింపుతాను."

నాన్న పకపకా నవ్వాడు. "కారు ఎగురుడేంది టీచరమ్మా! సరే తియ్యి. దసరా నాడు బస్తీ మొత్తం ముందట ఎగిరిపియ్యుండ్రి, సూస్తం."

ఒక ఆటబొమ్మ మీద నా చదువంతా పందెం కాశారు. నాకు కోపం వచ్చింది. ఆమె అప్పటికే స్క్రూడ్రైవర్ వెతుకుతున్నారు.

మొదట కారు మోటారుకే రెక్కలు బిగించాం. అది లేవలేదు. దుమ్ము రేపుకుంటూ వాకిలంతా జారింది. "మంచిగనే ఉన్నది. నాకియ్యి, పొద్దుగాల వాకిలూడుస్తది" అంది అమ్మ. తర్వాత కారు ప్లాస్టిక్‌ను పట్టీలుగా కోసి నాలుగు చేతులు చేశాం. రిమోట్ డబ్బా ఉంచి లోపలి సామాను మార్చాం. తేలికైన మోటార్లు, అది గాలిలో ఒరగకుండా చూసే చిన్న బోర్డు కోసం సికింద్రాబాద్‌లో ఎలక్ట్రానిక్స్ దుకాణాలన్నీ తిరిగాం. "మనవడికా అమ్మా?" అని అడిగిన దుకాణదారుకు "నాకే" అని చెప్పారు టీచరమ్మ.

ఒకరోజు నాన్న బండి కడిగి తుడిచి లోపలికి వెళ్లాడు. వచ్చి చూస్తే బానెట్ నిండా సుద్ద గీతలు.

"నా బండి మీద గిదేంది టీచరమ్మా!"

"మళ్లీ కడిగీసుకో తమ్ముడూ, ముందు చూడు. నాలుగు పంఖాలూ ఒకే వైపు తిరిగితే ఏటవుతుంది?"

నాన్న కాసేపు బానెట్‌ను చూశాడు. "ఉల్టా గిర్రున తిరుగుతది. బొంగరం లెక్క."

"అందుకని రెండు ఇటు, రెండు అటు."

ఆ సాయంత్రం నాన్న ఆ బొమ్మ చెరపకుండానే డ్యూటీకి వెళ్లాడు.

దసరా ముందురోజు మా డ్రోన్ వాకిట్లో నడుం ఎత్తున నిలకడగా నిలబడింది. నేను గంతులేశాను. టీచరమ్మ, "బ్యాటరీ వేడెక్కుతుంది, దించవే పిల్లా" అన్నారు. ఆమె నోట మెచ్చుకోలు అంటే అదే.

పండగనాడు ఇంజను ఉన్న ప్రతిదానికీ మా ఇంట్లో పూజ. అమ్మ పొద్దున్నే క్యాబ్‌కూ మిక్సీకీ బొట్లు పెట్టింది. పూజ అయ్యాక డ్రోన్‌ను తీసుకుని రైల్వే క్వార్టర్ల వెనక ఉన్న ఖాళీ జాగాకు చేరాం. అప్పటికే బస్తీ సగం అక్కడుంది. నేను రిమోట్ మీట పైకి నెట్టాను. అది జ్వరం వచ్చినట్టు వణికింది, మూరెడు లేచి పక్కకు పడింది. మళ్లీ నెట్టాను. మళ్లీ అంతే.

"ఏందన్నా, నీ బిడ్డ విమానానికి చలి పెడుతుందా? దుప్పటి కప్పు!" అన్నాడు కిరాణా కొట్టు అంకుల్. అందరూ నవ్వారు. నాన్న నవ్వలేదు. నేను ఓడిపోవాలని ఆయనకూ లేదని ఆ ముఖం చూశాకే నాకు తెలిసింది.

వైర్లు పీకబోయాను. టీచరమ్మ వచ్చి పక్కన గొంతుక్కూర్చున్నారు.

"నిన్నకీ ఇవాళకీ మారిందేటి?"

అప్పుడు కనబడ్డాయి. ఒక్కో పంఖాకు రెండేసి రెక్కలు. ఒక రెక్క చివర అమ్మ పెట్టిన బొట్టు, పసుపు మీద కుంకుమ, దళసరిగా ఎండిపోయి ఉంది. రెండో రెక్క ఖాళీ. ఒకవైపే బరువు. వణకక ఏం చేస్తుంది? చున్నీ కొసతో తుడవబోయాను. అమ్మ ఎదురుగా నిలబడి చూస్తోంది. తప్పు తనదేనని ఆమెకు అర్థమైపోయింది. ముఖం చిన్నబోయింది.

టీచరమ్మ నా చెయ్యి పట్టుకున్నారు. "తుడవకు. అమ్మ పెట్టిన బొట్టు బరువెలాగవుతుందే? రెండో రెక్కకూ పెట్టించు." అమ్మను పిలిచారు. "రామ్మా. అంతే లావు, అంతే దూరం. గడపకు వరసగా పెడతావు కదా, అలాగే."

అమ్మ కుంకుమ పళ్లెం తెచ్చి, మట్టిలో కూర్చుని, ఊపిరి బిగబట్టి నాలుగు బొట్లు పెట్టింది. అవి ఆరేదాకా బస్తీ అంతా ఎండలో నిలబడాల్సి వచ్చింది. "పరేషాన్ అయితున్నం టీచరమ్మా, ఇంకెంతసేపు?" అన్నాడు కొట్టు అంకుల్. "నీ కొట్లో అప్పడాలు ఎంతసేపు ఆరితే అంతసేపు" అన్నారామె.

ఈసారి వణకలేదు. మోకాలు దాటింది, తలలు దాటింది, క్వార్టర్ల కప్పులు దాటింది. దూరంగా మౌలాలి గుట్ట, దానికన్నా ఎత్తున మా విరిగిన కారు! పిల్లలు కేకలు పెట్టారు. "జర్గుండ్రి! ఏయ్, జర్గుండ్రి! మా బిడ్డ దించుతది, జాగ ఇయ్యుండ్రి!" అని నాన్న చేతులు బార్లా చాపి మైదానమంతా పరుగెత్తాడు. అంత సంబరంలోనూ, "బ్యాటరీ వేడెక్కుతుంది" అన్నారు టీచరమ్మ. ఆమె కళ్లు మాత్రం పైనే ఉన్నాయి.

సాయంత్రం జమ్మి ఆకు పంచేటప్పుడు నాన్న మొదటి ఆకు తెచ్చి ఆమె చేతిలో పెట్టి కాళ్లు మొక్కాడు. "ఆ సారుకు ఫోన్ చేసిన టీచరమ్మా. మా బిడ్డ టైపు కొట్టదు, ఎగురుతదని చెప్పిన."

నేను ఇంజినీరింగ్ చదివాను. ఇప్పుడు పొలాల మీద మందు చల్లే డ్రోన్‌లు తయారుచేసే చోట పని చేస్తున్నాను. ఏది మొరాయించినా, మారిందేమిటని ముందు అడుగుతాను. ఎవరు చేశారని ఆమె ఏనాడూ అడగలేదు. నేనూ అడగను.

ఆమె కార్యక్రమాలన్నీ అయ్యాక, ఇల్లు సర్దడానికి వచ్చిన బంధువులు కిటికీ కొక్కేనికి వేలాడుతున్న మా పాత డ్రోన్‌ను అమ్మకిచ్చారు. కొత్త బ్యాటరీ వేసి, ఆదివారం మా వాకిట్లో పెట్టాం. నేను చెప్పకుండానే అమ్మ పళ్లెం తెచ్చింది. ఒక రెక్కకు పెట్టి, తిప్పి, రెండో రెక్కకూ పెట్టింది. నాన్న పిల్లలను పక్కకు జరిపాడు.

అది లేచింది. తిరిగే రెక్కలు కంటికి కనబడలేదు. బొట్లు మాత్రం కలిసిపోయి నాలుగు ఎర్రటి వలయాలై, ఎదురు పోర్షన్ కప్పు మీద గాలిలో నిలబడ్డాయి. దించవే పిల్లా అనేవాళ్లు లేరు. నేను దించలేదు. ముగ్గురం తలలెత్తి అలాగే చూస్తూ ఉన్నాం.