ప్లేటులో కనబడని తల

సుంకాల ఆఫీసులో పనిచేసేవాడికి దయ్యాల మీద నమ్మకం ఉండకూడదు. ఓడలోంచి దిగిన ప్రతి వస్తువుకీ ఒక పేరుంటుంది, ఆ పేరుకి ఒక పద్దుంటుంది, ఆ పద్దుని బట్టే సుంకం. అరవైల చివర్లో విశాఖ రేవులో కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో నేను ఇలాగే మాట్లాడేవాణ్ణి. మా అక్కకి ఒళ్లు మండిపోయేది.

ఆ రోజుల్లోనే విదేశాల నుంచి కొన్ని ఉక్కు ప్లేట్లు వచ్చాయి. ఒక్కొక్కటి తలుపంత. ఒక వైపు మామూలు ఇనుము, రెండో వైపు పల్చగా స్టెయిన్‌లెస్ స్టీలు. రెండింటినీ బాగా కాల్చి, నొక్కి ఒక్కటి చేశారు. వీటిని ఇనుము పద్దులో వెయ్యాలా, స్టెయిన్‌లెస్ స్టీలు పద్దులో వెయ్యాలా అని మా ఆఫీసులో పెద్ద రగడ. బరువు చూస్తే ఇనుమే ఎక్కువ. కొన్నవాళ్లు కొన్నది మాత్రం మెరిసే వైపు కోసం. మా ఆఫీసరుగారు నిదానస్తుడు. "విడదీయలేనంతగా అతికితే అది ఒక వస్తువు. విడిపోతే రెండు వస్తువులు. ముక్క కోసి చూడకుండా ఏమీ చెప్పలేం" అన్నారు. సరుకు అప్పటికే పూచీకత్తు మీద విజయనగరం దాటి, గరివిడి దారిలో కొత్తగా కడుతున్న ఒక ఫ్యాక్టరీకి వెళ్లిపోయింది. అక్కడ గ్యాసు మంటతో ఇనుము కోసేవాడు మా బావే, అక్క మొగుడు.

తనిఖీకి ముందు రోజు సాయంత్రమే వాళ్లింటికి వెళ్లాను. అక్క నిండు నెలలతో ఉంది. బావ కంచం ముందు కూర్చుని అన్నం కెలుకుతున్నాడు. ఎప్పుడూ నన్ను ఏడిపించకుండా ముద్ద మింగని మనిషి ఆ రోజు కంచంలోంచి తలెత్తలేదు.

"ఏటైంది బావా?" అన్నాను.

"ఆ ప్లేట్లలో ఒకదాని ముందు నిలబడితే నాకు తల నేదురా" అన్నాడు. "మెడ దాకా కనబడతన్నాది. ఆపైన ఏటీ నేదు. గోడే."

అద్దంలోగాని నీడలోగాని తన తల తనకు కనబడకపోతే ఆ మనిషి ఎక్కువ కాలం బతకడని మా వైపు గట్టి నమ్మకం. అక్క చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది. నేను నవ్వాను. అక్క నవ్వలేదు. నేను వెళ్లిపోతుంటే గుమ్మం దాకా వచ్చి చెయ్యి పట్టుకుంది. "ఒరే తమ్ముడా, నువ్వు సర్కారోడివి కదా. ఆ ప్లేటు నా మొగుడి సేత కొయ్యించకురా. ఇంకోటి కొయ్యమని సెప్పు" అంది. చెబుతానన్నాను.

మర్నాడు పదిగంటలకి ఆఫీసరుగారితో కలిసి షెడ్డులోకి అడుగుపెట్టేసరికి నాకు తల తిరిగింది. ప్లేట్లన్నీ గోడకి ఆనించి ఉన్నాయి. ఎటు చూసినా తుప్పు రంగు. ఒక్కటీ మెరవడం లేదు.

"ఇదేమిటయ్యా, ఇది ఉత్త ఇనుము. కాగితాల్లో రాసింది అబద్ధమా?" అని ఆఫీసరుగారు పెన్ను తీశారు. అప్పుడు కూలీలు తలలు దించుకున్నారు. బావ సంగతి తెలిశాక, పనిచేసేటప్పుడు ఎవరి ముఖం వాళ్లకి కనబడకుండా మెరిసే వైపంతా గోడకి తిప్పేశారట. ఇంకొక్క నిమిషం ఆలస్యమైతే భయం పుణ్యమా అని సరుకంతా ఇనుము పద్దులో పడేది.

నలుగురు పట్టి ప్లేట్లు తిప్పారు. పొద్దుటి వెలుగు ఒక్కసారిగా షెడ్డులో నిండింది. కూలీలు వెనక్కి జరిగారు. బావ చివరి ప్లేటు చూపించాడు. నేను దాని ముందుకి వెళ్లాను. పాల మీగడ పొరలోంచి చూస్తున్నట్టు మసగ్గా నా చెప్పులు, ప్యాంటు, చొక్కా గుండీలు కనిపించాయి. ఆపైన మెడ. మెడ పైన ఏమీ లేదు.

నిజం చెప్పొద్దూ, తల తడుముకున్నాను.

ఆఫీసరుగారు వచ్చి పక్కన నిలబడ్డారు. ఆయనకీ తల లేదు. అయితే ఆయన భయపడలేదు. ఒక అడుగు పక్కకి వేశారు, తల వచ్చింది. వెనక్కి వేశారు, పోయింది. అరచేత్తో ప్లేటు నిమిరి, "ఇక్కడ ఉబ్బెత్తుగా ఉంది. వెలుగు పక్కకి పోతోంది, అంతే. ఇక్కడ ఎవరు నిలబడినా తలుండదు" అన్నారు.

బావ కూడా నిమిరి చూశాడు. రోజుల తరబడి బిగపట్టుకున్న ఊపిరి ఒక్కసారి వదిలాడు. "ఓరి నీ! ఇందుకేనా నేను అన్నం మానేసినాను?" అని నా వీపు మీద చరిచాడు. షెడ్డంతా నవ్వింది. అక్క మాట నాకు గుర్తుంది, ఇంకో ప్లేటు కోద్దామని అన్నాను కూడా. ఆఫీసరుగారు ఒప్పుకోలేదు. "అతికిందా లేదా అన్నది తేలాల్సింది ఈ ఉబ్బు దగ్గరే కదా" అని, అవతలి వైపు ఇనుము మీద సరిగ్గా అదే చోట సుద్దముక్కతో గీత గీశారు. బావ, "కొయ్యనియ్యరా, దీని పని పడతాను" అన్నాడు.

ప్లేటు పడుకోబెట్టారు. బావ నల్లద్దాలు పెట్టుకుని గీత మీదకి వంగాడు. మంట ఇనుములోకి దిగింది. ఉన్నట్టుండి లోపల్నుంచి ఈలలాంటి శబ్దం వచ్చింది. రెండు లోహాలూ అక్కడ అతకనే లేదు. మధ్యనున్న ఖాళీలోకి దిగిన మంట స్టీలుని దాటలేక, కరిగిన ఇనుముని వెంటేసుకుని వచ్చిన దారినే పైకి తన్నింది. బావ తల సరిగ్గా దాని మీదే ఉంది.

ఆ తర్వాత కోసిన ముక్క రెండుగా విడిపోయింది. ఒకటి నల్లగా, ఒకటి తెల్లగా. ఆ ప్లేటుని పనికిరాని సరుకుగా పక్కన పెట్టి, అతికిన మిగతావాటిని స్టెయిన్‌లెస్ స్టీలు పద్దులో వేశారు. పద్దు తేలింది.

బావ బతికాడు. నల్లద్దాలు పగిలి చూపు పోయింది. అక్కకి కూతురు పుట్టింది. ఆ పిల్ల ముఖం ఆయన చేతివేళ్లతోనే చూశాడు. ఉబ్బు మాటా నిజమే, తల మాటా నిజమే అయింది. ఈ రెండింటినీ ఏ పద్దులో వెయ్యాలో నాకు ఇప్పటికీ తెలియదు. తలచుకుంటే కోపం వస్తుంది, ఎవరి మీదో కూడా తెలియదు.

నేను వెళ్లినప్పుడల్లా బావ నన్ను గోడనున్న అద్దం ముందుకి తీసుకెళ్లమనేవాడు. జుట్టు సర్దుకుని, చొక్కా సరిచేసుకుని నిటారుగా నిలబడేవాడు.

"ఒరే, తల ఉన్నాదేటి, సూడు."

"ఉన్నాది బావా" అనేవాణ్ణి.

ఒకసారి నాకు అద్దం వైపు చూడబుద్ధి కాలేదు. కిటికీలోంచి బయటికి చూస్తూనే ఉన్నాదన్నాను. ఆయన నా గడ్డం వెతికి పట్టుకుని, నా ముఖం మెల్లగా అద్దం వైపు తిప్పాడు.

"సూడకుండా సెప్పకురా" అన్నాడు.