మా ఆయన బజారుకెళ్ళారు

ఇంటి లోన్ల మీద వడ్డీ తగ్గిందని పేపర్లో చూసి, నా లోను వేరే బ్యాంకుకి మార్చుకుందామని పోయిన వారం దరఖాస్తు పెట్టాను. ఇల్లు చూడటానికి ఆ బ్యాంకు మనిషి ఈ రోజు మధ్యాహ్నం తెనాలి నుంచి రేపల్లె వచ్చాడు. గదులన్నీ తిరిగి ఫొటోలు తీసుకున్నాడు.

"ఇంట్లో ఎంతమంది ఉంటారాంటీ?" అని అడిగాడు.

"ఇద్దరం బాబూ. మా ఆయన బజారుకెళ్ళారు" అన్నాను.

ఆయన పోయి రెండేళ్ళవుతోంది. ఒంటరిదాన్నని తెలియకూడదని, కొత్తవాళ్ళు ఎవరొచ్చినా ఇలాగే చెప్పడం అలవాటైపోయింది. అతను తలూపి వెళ్ళిపోతుంటే మాత్రం మనసొప్పలేదు. మొన్న ఆదివారం చర్చిలో పాస్టరుగారు సత్యం గురించి చెబుతూ, ప్రభువు మనం నిజంగా ఉన్నచోటికే వస్తాడు గానీ ఉన్నామని చెప్పుకునే చోటికి కాదన్నారు. అది గుర్తొచ్చి గేటు దగ్గర అతన్ని ఆపాను.

"బాబూ, మా ఆయన లేరు. నేనొక్కదాన్నే ఉంటాను."

"తెలుసాంటీ, మీ దరఖాస్తు కాగితాల్లో చూశాను. ఆయన పోయాకే కదండీ లోను మీ ఒక్కరి పేరు మీదకి మారింది."

"మరి ఇందాక ఏమీ అనలేదేంటి?"

"ఆయన ఇప్పుడే వచ్చేస్తారన్నట్టు చెప్పారండి. కాదనడానికి నాకు నోరు రాలేదు."

అతను వెళ్ళాక తలుపేసుకున్నాను. ఒక్కదాన్నేనని పైకి అనడం నాకిదే మొదటిసారి. నిజం చెబితే తేలికపడతామనుకున్నాను గానీ, ఇల్లు ఇంకాస్త ఖాళీ అయినట్టు అనిపించింది. సాయంత్రం ప్రార్థనలో ప్రభువుకి కూడా అదే చెప్పి ఏడ్చాను. ఇన్నాళ్ళూ దాచుకున్నది ఇప్పుడు మీ అందరికీ చెప్పేశాను, చూశారా! మీలో ఒక్కరే ఉండేవాళ్ళు, తలుపు కొట్టినవాళ్ళకి ఏం చెబుతారో రాయండి.