కుంగిన పక్క ఇసుక

బాన్సువాడలో బోరుబండ్లు బాగుచేసే రషీద్ కూతురు మెహ్రీన్. భూగర్భశాస్త్రం చదివి, గోదావరి లోయలో బోర్లు వేయించే ఒక కంపెనీలో చేరింది. బోరులోంచి తీసిన రాతికడ్డీలను పెట్టెల్లో పేర్చి, ఏ లోతున ఏ రాయి ఉందో రాయడం ఆమె పని.

మొదటి బోరులో ఇసుకరాయి నలభై మీటర్లు పడింది. నాలుగు వందల మీటర్ల అవతల, రెండో బోరులో అదే రాయి నూట ముప్పై. రెండింటి నడుమ నేలలో పాత పగులు ఒకటుంది. రెండో బోరు వైపు నేల కుంగింది. ఇక్కడ సముద్రం ఉన్న కాలంలోనే ఆ కుంగడం సాగిందని మెహ్రీన్ రిపోర్టు రాసింది.

పై ఇంజనీరు నవనీత్ ఒప్పుకోలేదు. రాయి పొడవునా చిన్న అలల గీతలున్నాయి, అంటే లోతు లేని నీళ్లు. ఆ నీళ్లలో అంత ఇసుక ఎట్లా పడుతుంది, పెట్టెలు తారుమారు చేశావు, రెండో బోరు లెక్క కొట్టెయ్యమన్నాడు. మెహ్రీన్ మూడు రోజులు కూర్చుని ప్రతి పెట్టె మళ్లీ చూసింది. ఒక్కటీ తారుమారు కాలేదు. ఆ మాట రాసిపెట్టి సెలవు మీద ఇంటికి వచ్చింది.

ఆ వారమే నవనీత్, రెండో బోరు లెక్క తీసేసి దిద్దిన రిపోర్టు పట్టుకుని బాన్సువాడ వచ్చాడు. సంతకం ఒక్కటి చాలన్నాడు.

ఆమె అతణ్ణి తండ్రి షెడ్డులోకి తీసుకెళ్లింది. నీళ్ల టబ్బులో రెండు ఇనప పలకలు ఇటుకల మీద పక్కపక్కన సమంగా పెట్టింది. రెండో పలకకు మొదటిదాని పక్కనున్న కొస కింద ఇటుక బదులు బోల్టులు పేర్చి, ఒక్కొక్కటే లాగేస్తూ పైనుంచి ఇసుక పోసింది. ఆ కొస కుంగిన కొద్దీ ఇసుక నిండుతూ వచ్చింది. పైన నీళ్లు మాత్రం మొదటినుంచీ వేలెడే.

"నీళ్లు లోతు గావు సార్. అడుగు కుంగుకుంట పోయింది, ఇసుక నింపుకుంట వచ్చింది."

టబ్బు సముద్రం కాదన్నాడు నవనీత్.

"కాదు. గందుకే ఇంకో బోరు వేయుండ్రి. కుంగిన దిక్కే, పగులుకు ఇంకింత దూరం. పగులు పక్కనే ఎక్కువ కుంగింది, దూరం పోతే తక్కువ. నూట ముప్పై రాదు, తగ్గుతది. తగ్గకుంటే తప్పు నాదని రాసిస్తా. గీ కాయితం మీద మాత్రం సంతకం పెట్ట."

అయితే సోమవారం నుంచి పనికి రావద్దని చెప్పి అతను వెళ్లిపోయాడు. అక్కడే పనిచేస్తున్న రషీద్ రెంచీ తుడిచి పక్కన పెట్టాడు. కొలువు పోయిందన్న బాధ అతని ముఖంలో తెలుస్తూనే ఉంది.

"ఫికర్ జేయకు బేటీ," అన్నాడు. "సూసిందే రాసినవు గదా."

మెహ్రీన్ తన మొదటి రిపోర్టును, పెట్టెల ఫొటోలతో సహా, కంపెనీ హైదరాబాదు ఆఫీసుకే పంపింది. రెండు నెలల తర్వాత వాళ్లు ఆమె చెప్పిన చోటే మూడో బోరు వేయించారు. ఇసుకరాయి తొంభై ఆరు మీటర్లు పడింది.

నవనీతే ఫోన్ చేసి తిరిగి రమ్మన్నాడు. తన రిపోర్టు ఒక్క అక్షరం మారకుండా ఫైలులో పెడితేనే వస్తానంది. పెట్టడానికి పదకొండు రోజులు పట్టింది. పన్నెండో రోజు పొద్దున్నే ఆమె పనిలో చేరడానికి కామారెడ్డి బస్సెక్కింది.