లెక్కలో లేని స్టాపు

రోజూ పొద్దున్నే గడ్డం గీసుకుంటూ ఆ రిటైరైన కండక్టరు తన పాత రూటులోని స్టాపులన్నీ వరసగా పైకి చెప్పుకునేవాడు. కొందరికి జపం ఎలాగో ఆయనకిది అలాగ. భార్య పోయాక ఆ రెండు గదుల్లో వినిపించే గొంతు అదొక్కటే.

ఓ రోజు వేళ్లు మడిచి లెక్కపెడితే ఇరవై వచ్చాయి. గంట తాడు లాగిన చెయ్యి మాత్రం ఇరవై ఒకటి అంటోంది. రంపం మిల్లుకీ పెద్దాసుపత్రికీ మధ్య ఎక్కడో బస్సు ఆగేది. ఎక్కడ? మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టాడు, మళ్లీ ఇరవయ్యే. అన్నగారి మతిమరుపూ ఇలాగే ఒక్క పేరుతో మొదలై, చివరికి సొంత తమ్ముణ్ణే "ఎవరబ్బాయ్ నువ్వు" అనేదాకా వెళ్లింది. కూతురు ఫోను చేస్తే "బాగానే ఉన్నానమ్మా" అనేసి డాక్టరు దగ్గరికి బయల్దేరాడు.

క్లినిక్కు బల్ల మీద పక్కనే కూర్చున్న ముసలి దర్జీ ఊరుకుంటాడా?

"ఏం కండక్టరు గారూ, మొహం పంచరైన టైరులా ఉంది?"

ఆయన సంగతి చెప్పాడు.

"మిల్లు తర్వాత సబ్బుల కంపెనీ కాదూ?" అన్నాడు దర్జీ.

"అది వేరే రూటయ్యా."

చీటీలు రాస్తున్న కాంపౌండరు తలెత్తి, "ఐసు ఫ్యాక్టరీ?" అన్నాడు.

"నేను చేరేనాటికే అది మూతపడింది."

బల్ల చివరనున్న నెరిసిన జుట్టావిడ ఆయన్ని కాసేపు పరకాయించి చూసింది.

"మిల్లు దాటాక నీలం తలుపు ఇల్లు గుర్తుందా?"

"ముందు నీళ్ల పంపు ఉండేది, అదేనా?"

"అదే. అది మా ఇల్లు. నేను ఆసుపత్రిలో నర్సుని. మంచాన పడ్డ అత్తగారికి స్నానం చేయించి వచ్చేసరికి బస్సు దాటిపోయేది. ఓ రోజు మీరే గంట కొట్టి ఆపారు. 'ఇక మీ గుమ్మం దగ్గరే ఉండండమ్మా, మీరెక్కందే మా డ్రైవరుకి బండి కదలదు' అన్నారు. పదకొండేళ్లు ఆపారు. పొద్దున దేవుడికి దణ్ణం పెట్టుకున్నప్పుడు మీ బస్సుకీ ఒకటి పెట్టుకునేదాన్ని."

"మరి నా రూటు కాయితంలో అది లేదే?"

"రాస్తే పైవాళ్లు ఊరుకునేవాళ్లా?" అని నవ్విందావిడ.

కండక్టరు తన కుడిచేతిని తిప్పి తిప్పి చూసుకున్నాడు. అది అబద్ధం చెప్పలేదు.

"తర్వాత ఎవరండీ? కండక్టరు గారేగా?" పిలిచాడు కాంపౌండరు.

"నా వెనకవాళ్లని పంపు బాబూ," అని ఆయన నర్సమ్మ వైపు జరిగాడు. "అవునూ, మీ అత్తగారు తర్వాత లేచి తిరిగారా?"

"అబ్బో, అదో పెద్ద కథ."

"చెప్పండి. నాకేం తొందర?"

దర్జీ కూడా కళ్లజోడు సర్దుకుని ఇటు తిరిగి కూర్చున్నాడు.