మూలమట్టం మీద గంధం చుక్క

మొన్న మా ఆయన ఫోన్లో ఆర్డరు పెట్టిన, మూలలు సరిగ్గా ఉన్నాయో లేదో చూసే చిన్న మూలమట్టం కొరియర్లో వచ్చింది. అరచేతిలో ఇమిడిపోయేంత ఉంది, తళతళా మెరుస్తోంది, పెట్టెలో నీలం మఖమలు గుడ్డ కూడా వేశారు. రొయ్యల చెరువుల్లో నీళ్ళు చిలికే ఏరేటర్లు బాగుచేసే మా లేత్ షాపుకి ఇంత సోకెందుకు అనుకుంటూనే, దాన్ని బల్ల అంచుకి ఆనించి రేకు మీద సూదితో ఒక గీత గీశాను. తిరగేసి, అదే చోట ఇంకో గీత గీశాను. మూలమట్టం నిఖార్సయినదైతే రెండు గీతలూ ఒకదాని మీద ఒకటి పడాలి. ఇవి కింద కలిసి, పైకి పోయేకొద్దీ తగువుపడ్డ తోడికోడళ్ళలా ఎడంగా జరిగాయి. "వెంట్రుకవాసి తేడాకి ఆ మొహం ఏంటి?" అని మా ఆయన నవ్వారు. నాకు నవ్వు రాలేదు. వెంట్రుకవాసి అన్న మాట వింటే నాకు ఇప్పటికీ అరికాళ్ళు చల్లబడతాయి.

నరసాపురంలో గోదావరి గట్టు దగ్గర ఈ షాపు పెట్టింది మా మావయ్యగారు. అప్పట్లో చెరువుల పని తక్కువ, చేపల బోట్ల పనే ఎక్కువ. ఆయనంటే రేవులో భయపడని మనిషి లేడు. కోడలిగా వచ్చిన కొత్తలో నేను కాఫీ గ్లాసు ఆయన ముందు పెట్టి, తాగారో లేదో చూడకుండా లోపలికి పరుగెత్తేదాన్ని. పడుచు వయసులో ఆయన సొంతంగా చేసుకున్న మూలమట్టం ఒకటుండేది. నూనె గుడ్డలో చుట్టి, తన సొరుగులోనే పెట్టుకునేవారు. "కిందపడ్డ మనిషి లేస్తాడు గానీ మూలమట్టం లేవదు" అనేవారు. బోటుకి పంకా తిప్పే షాఫ్టు బిగించి పంపేటప్పుడు ప్రతివాడికీ ఒకే పాఠం. "మొగ దాటేలోపు బేరింగు మీద చెయ్యి పెట్టి చూడు. కాలిందా, వెనక్కి తిప్పు. కాలినా ముందుకెళ్ళావని తెలిసిందో, మళ్ళీ నా గుమ్మం ఎక్కకు." మొగ అంటే గోదావరి సముద్రంలో కలిసే చోటు. అక్కడ అలలు రెండువైపులనుంచీ కొడతాయి. ఇంజను సాయం లేని బోటు అక్కడ అడ్డం తిరిగితే ఇక అంతే.

ఒక ఏడాది దసరాకి ఎప్పటిలాగే పనిముట్లన్నీ కడిగి, పీట మీద పేర్చి, అత్తయ్యగారు ఒక్కోదానికీ గంధం, కుంకుమ పెట్టారు. ఆవిడ చెయ్యి ధారాళం. దేవుడికైనా సరే, విస్తరికైనా సరే, కొసరి కొసరి పెట్టడం ఆవిడకి అలవాటు. లేత్ మిషను నుదుట పెట్టిన బొట్టైతే పెళ్ళికూతురికి కూడా ఉండదు. పూజ చేసిన పనిముట్టుని ఆ రోజు ముట్టుకోకూడదు, మర్నాడు పని మొదలుపెట్టినా బొట్టు తుడవకూడదు, దానంతటదే రాలిపోవాలి. అది మా ఇంటి ఆచారం.

మర్నాడు పొద్దున్నే మా తమ్ముడు వచ్చాడు. వాడి బోటు షాఫ్టుకి, దాన్ని ఇంజనుతో కలిపే కప్లింగ్ కొత్తది వెయ్యాలి, గోదారి పోటు మీద ఉండగానే వెళ్ళిపోవాలి. మావయ్యగారు కప్లింగ్ ఎక్కించి, షాఫ్టు మీద మూలమట్టం ఆనించి వెలుతురుకి చూశారు. సందులోంచి సన్నగా వెలుగు కనబడింది. ఆకురాయితో దిద్దారు, మళ్ళీ చూశారు, మళ్ళీ దిద్దారు. వెలుగు మూసుకుపోయాక "ఊఁ" అన్నారు. ఆయన నోట "ఊఁ" అంటే వేరేవాళ్ళ నోట భేష్ అన్నట్టు. మా తమ్ముడు పాఠం వినేసి, నా చేతి ఇడ్లీలు తినేసి వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం ఇంకో పని చేస్తూ మావయ్యగారు ఆగిపోయారు. అదీ అదే వైపుకి వంకరగా కనబడుతోంది. రెండు పనులు ఒకేలా తప్పడం ఏంటని మూలమట్టాన్ని తిరగేశారు. పైన బొట్టు అందరికీ కనిపిస్తూనే ఉంది. అడుగున, షాఫ్టు మీద ఆనే అంచుకి, జారి ఎండిపోయిన గంధం చుక్క ఇంకొకటి అంటుకుని ఉంది. గోటితో గీరితే పసుపుపచ్చగా పొడి రాలింది. ఆ చుక్క ఎత్తున మూలమట్టం ఒరిగింది. అంటే పొద్దున ఆయన సరిగ్గా ఉన్న కప్లింగ్‌ని వంకరగా దిద్దారు. వంకర కప్లింగ్ తిరిగేకొద్దీ వణుకుతుంది, బేరింగు కాలుతుంది, బోల్టులు తెగుతాయి, మొగలో ఇంజను అరుస్తున్నా బోటు కదలదు.

అన్నానికి పిలవడానికి వచ్చిన అత్తయ్యగారు గుమ్మంలోనే నిలబడిపోయారు. "నేనే పెట్టానండి. చుక్క జారిందని చూసుకోలేదండి" అన్నారు. మావయ్యగారు తిట్టకుండా బండి తాళంచెవి అందుకున్నారు. తమ్ముడికి ఫోన్ చేస్తే కలవలేదు. ఎన్నిసార్లు చేసినా కలవలేదు.

మావయ్యగారూ, మా ఆయనా బండి మీద, నేనూ అత్తయ్యగారూ వెనకాల ఆటోలో, పంటు మీద గోదారి దాటి అంతర్వేది మొగ దగ్గరికి వెళ్ళాం. దారి పొడుగునా అత్తయ్యగారు నా చెయ్యి వదల్లేదు, నా మొహంలోకి చూడలేదు. అక్కడ గాలి విసురుగా ఉంది. ఇసుకలో నిలబడి నలుగురం సముద్రంకేసే చూస్తున్నాం. నల్లగా ఏది కనబడినా బోర్లాపడ్డ బోటేనేమో అనిపించేది. అమ్మకి ఏం చెప్పాలి, ఏ మాటతో మొదలుపెట్టాలి అన్నదే నా బుర్రలో తిరుగుతోంది. నోట దేవుడి పేరు కూడా రాలేదు. అంత భయం అంతకు ముందు ఎరగను, ఆ తర్వాతా ఎరగను.

"మావయ్యగారూ" అని వెనకనుంచి పిలుపు వినిపించింది.

మా తమ్ముడు! మేం సముద్రంకేసి చూస్తుంటే, వాడు గోదారి వైపునుంచి, మోకాళ్ళదాకా బురదతో భయం భయంగా వస్తున్నాడు. "తిట్టకండి మావయ్యగారూ, నేనేం చెయ్యలేదండి. మొగ ఇంకా రాకుండానే బేరింగు కాలిపోతుంటే వెనక్కి తిప్పేశానండి. బోటు కాలవలో కట్టేశాను. ఫోన్లో ఛార్జింగు లేదండి. ముందుకెళ్తే మీరు గుమ్మం ఎక్కనివ్వరని..."

మావయ్యగారు వాడి కుడిచెయ్యి అందుకుని తిప్పి చూశారు. అరచెయ్యి ఎర్రగా కమిలి ఉంది. ఆ చెయ్యి పట్టుకునే ఇసుకలో చతికిలబడ్డారు. ఊళ్ళో అందరినీ వణికించిన మనిషి వణకడం నేను చూసింది అదొక్కసారే.

తర్వాత ఆయన కొత్త మూలమట్టం మొదలుపెట్టారు. పాత రంపపు బద్దని ఇత్తడి ముక్కలో బిగించి, అద్దం మీద సానపట్టే పొడి వేసి రుద్దడం, రెండు గీతలు గీసి చూడడం, తల అడ్డంగా ఊపడం, మళ్ళీ రుద్దడం. కార్తీకం వచ్చి వెళ్ళింది, ఆయన రుద్దుతూనే ఉన్నారు. చివరికి ఒకనాడు నన్ను పిలిచి రేకు చూపించారు. ఎంత వెతికినా ఒక్క గీతే కనబడింది. జీవితమంతా వాడిన పాతదాన్ని అత్తయ్యగారి చేతిలో పెట్టి, "ఇక ఇది దేవుడిది. నీ ఇష్టం వచ్చినంత పెట్టుకో" అన్నారు. మొగ దగ్గరినుంచి వచ్చాక ఆవిడ నవ్వడం అదే మొదలు.

ఇప్పుడు వాళ్ళిద్దరూ లేరు. మఖమలు పెట్టె తిరుగు కొరియర్లో పంపించేసి, సొరుగులోంచి మావయ్యగారు చేసిన మూలమట్టం తీసి పనిలోకి దిగాను. పక్కనే పాతది కూడా ఉంది. ఏటా దసరాకి దానికి అత్తయ్యగారి లెక్కన నేనే గంధం పెడుతున్నాను. చుక్క మీద చుక్క ఎండి, అంచు కనబడనంత మందంగా పేరుకుంది. దాన్ని ఎప్పుడూ గీరను. ఆ మందమంతా, ఆ రోజు తర్వాత మా తమ్ముడు బతుకుతున్న కాలం.